తాళం ఇవ్వని చేతులు
(గరివిడి యువజన ఆదివారమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయం మనం ముగ్గురిని ముందుకు పిలిచి శాలువలు కప్పాము. వారు పరీక్షలలో మొదటి తరగతి తెచ్చుకొన్నందుకు కాదు, ఆటలలో కప్పు గెలిచినందుకూ కాదు. ఒక తల్లి రెండేళ్ళపాటు మోటారు సైకిలు తాళం కొంగున ముడివేసుకొని తిరిగింది. ఒక అబ్బాయి పద్దెనిమిదేళ్ళు నిండేవరకు చీపురుపల్లి కాలేజీకి సైకిలు మీదనే వెళ్ళి, తోటివారి ఎగతాళి భరించి, లైసెన్సు చేతికి వచ్చిన తరువాతనే బండి ఎక్కాడు. ఒక అమ్మాయి, హెల్మెట్ లేకుంటే తండ్రి బండి కూడా ఎక్కనని మొండికేసింది. "ఇదేం సన్మానం?" అని కొందరు నవ్వుకొన్నారు. వారికి జవాబు చెప్పడానికే నేను నిలుచున్నాను.

నేను ముప్పయి ఏళ్ళు సైన్సు చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందని నల్లబల్ల మీద ఎన్నిసార్లు లెక్క వేశానో! అయినా కొన్నేళ్ళ క్రిందట ఒక సాయంత్రం, మా ఇంటావిడ మాత్రల కోసం పదిహేనేళ్ళ మనుమణ్ణి బండి మీద చీపురుపల్లి పంపించాను. వాడు అడగలేదు. నేనే పిలిచి తాళం చేతిలో పెట్టాను. "మా గుంటడు బండి భలే నడుపుతాడు" అని ఇరుగుపొరుగుతో చెప్పుకొన్న గర్వం నాది.

మన రోడ్డు సంగతి మీకు తెలిసినదే. విజయనగరం నుండి రాజాం, పాలకొండ వైపు వెళ్ళే బస్సులు, లారీలు మన ఊరి మీదుగానే పోతాయి. ఆ రోడ్డు మీదనే మనం మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తాము. మునిచీకటిలో వాడు ఆ రాళ్ళు చూచేసరికి ఆలస్యమైనది. బ్రేకు వేశాడు, గింజల మీద చక్రం జారింది. వెనుక వస్తున్న లారీ వాడి తలకు రెండు బారల దూరంలో ఆగింది. తొడ ఎముక విరిగింది. ఆ యేటి పదవ తరగతి పరీక్ష పోయింది. హెల్మెట్ మా ఇంటి మేకుకు వ్రేలాడుతూనే ఉన్నది.

వాణ్ణి ఎత్తుకొని ఆసుపత్రికి చేర్చినవాడు ఆ లారీ డ్రైవరే. పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. మంచం మీద మా వాడు నాతో అన్నది ఒక్కటే మాట: "నాను అడగనేదు కదా తాతా." ఆ మాట ఈనాటికీ నన్ను నిద్రపోనివ్వదు.

చట్టం ఏమంటున్నదో కూడా వినండి. గేర్లున్న బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళవారికి అనుమతి ఉన్నది గేర్లు లేని, 50 సి.సి. మించని బండికే. మన రైతులు మూటలు వేసుకొని పోయే మోపెడ్డు సైతం నేడు 100 సి.సి.కి దగ్గరది. కనుక ఆ వెసులుబాటు ఉన్నా లేనట్టే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు నిండేవరకు లైసెన్సు రాదు. ఇక గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన పుణ్యాత్ములకు కేంద్ర ప్రభుత్వం 2021లో 5,000 రూపాయల బహుమానం ఏర్పరచి, 2025లో దానిని 25,000 చేసింది.

చూడండి, తాళం ఇచ్చినవానికి 25,000 జరిమానా, రక్తంలో పడినవానిని మోసినవానికి 25,000 బహుమానం. రెండూ న్యాయమే. కాని తాళం ఇవ్వని తల్లికి ఏమున్నది? ఆమె వలన ఏ ప్రమాదమూ జరగలేదు గనుక ఆమె పేరు ఏ కాగితం మీదకూ ఎక్కదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారని ప్రభుత్వం లెక్క చెప్పింది. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారే. చనిపోయినవారికి లెక్క ఉన్నది. ఒకరు జాగ్రత్తపడినందున బ్రతికిపోయిన పిల్లలకు లెక్క లేదు. ఆ లెక్క సంఘమే ఉంచుకోవాలి. అందుకే ఈ శాలువలు.

మీకు నా మనవులు మూడు. ఇంట్లో బండి ఒకటి ఉంటే హెల్మెట్లు రెండు ఉండాలి, బకిలు బిగించి పెట్టుకోవాలి. పిల్లవానికి 18 నిండగానే తండ్రే వెంట వెళ్ళి లెర్నింగు లైసెన్సు తీయించి, దగ్గరుండి నేర్పాలి. మూడవది మన యువజనులకు: క్రిస్మస్ కారల్సుకు అర్ధరాత్రి ఒక్కొక్క బండి మీద ముగ్గురేసి ఎక్కి ఊళ్ళు తిరగడం ఈ యేటితో మానండి. ఒక వ్యాను మాట్లాడుకోండి. దాని బాడుగలో మొదటి చందా నాది.

మా మనుమడు ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. వాడికి లైసెన్సు వచ్చింది. ఇంటి తాళం వాడి దగ్గరే ఉంటుంది. మొన్న పొరుగింటి కుర్రవాడు "ఓపాలి ఇయ్యి అన్నా" అని అడిగితే, "పద్దెనిమిది నిండనీ, నానే నేర్పుతాను" అన్నాడు. ఆ మాట నేను అరుగు మీద కూర్చుండి విన్నాను.