పదిమంది కలిసి రాసుకునే వ్యాఖ్యానం

(సంఘం వార్షిక సభలో తఫ్సీర్ తరగతి తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పిల్లల స్కాలర్‌షిప్పులు, పేదింటి పెళ్ళిళ్ళకు చేసే సాయం. వాటి పక్కన మా పని చాలా చిన్నది. ఆదివారం ఇషా నమాజు అయ్యాక ఓ గంటసేపు కూర్చుని కొన్ని ఆయతుల అర్థం చదువుకుంటాం. చదివిందీ విన్నదీ ఒక రిజిస్టరులో రాసుకుంటాం. ఆ రిజిస్టరు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మంచీ చెబుతాం, మా వల్ల జరిగిన తప్పూ దాచకుండా చెబుతాం.

అసలు ఈ పని ఎందుకు మొదలుపెట్టాం? మన ఇళ్ళలో మాట్లాడేది ఉర్దూ, పిల్లలు బళ్ళో చదివేది తెలుగు, నమాజులో చదివేది అరబ్బీ. ఖుర్‌ఆన్‌ను అందంగా చదివే పిల్లాణ్ణి పిలిచి, నాయనా, ఇప్పుడు చదివిన దానికి అర్థమేమిటని అడిగితే నేల చూపులు చూస్తాడు. పిల్లాణ్ణి అనడమెందుకు, మాలో సగం మందిమీ అంతే. అందుకని తెలుగు అనువాదాలు, ఉర్దూ తఫ్సీర్లు దగ్గర పెట్టుకుని, ఉర్దూ వచ్చినవాళ్ళు చదువుతుంటే తెలుగు బాగా రాసేవాళ్ళు రాసేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. ఒక్కరి వల్ల కాని పని పదిమంది కలిస్తే సాగింది.

ఇక తప్పు సంగతి. నిసా సూరాలో వారసత్వపు వాటాల ఆయతులు వచ్చిన వారం, మాలో ఒకరు పుస్తకం చూడకుండా జ్ఞాపకం మీద చెప్పారు, మరొకరు రాశారు: "భర్త చనిపోతే భార్యకు ఎనిమిదో వంతు." మిగిలినవాళ్ళం తలలూపాం. ఎవరు చెప్పారో, ఏ గ్రంథంలో ఉందో రాయలేదు.

కొన్నాళ్ళకు పక్క ఊళ్ళో ఒకాయన పోయారు. పిల్లలు లేరు. భార్య, అన్నదమ్ములు ఉన్నారు. అప్పులన్నీ తీరగా మిగిలింది నాలుగెకరాలు. పంపకాల దగ్గర ఎవరో మా రిజిస్టరులోని మాట చెప్పారు. సంఘం వారే రాసుకున్నారన్న నమ్మకంతో ఆ తల్లికి అరెకరం చూపించారు.

పిల్లలకు ఖాయిదా నేర్పే ఒక ఆపా మా తరగతికి వస్తారు. ఆమె ఇంట్లో అనువాదం చదువుకుంటూ ఆ ఆయతు దగ్గర ఆగి, మరుసటి ఆదివారం పుస్తకం పట్టుకొచ్చారు. "భాయీ, ఎనిమిదో వంతు పిల్లలుంటే కదా. లేకపోతే నాలుగో వంతు అని ఇక్కడ స్పష్టంగా ఉందే" అన్నారు. మాకు నోట మాట రాలేదు. ఒక్క షరతు రాయకపోవడం వల్ల ఆ విధవరాలికి అరెకరం తగ్గిపోయింది.

మౌల్వీ సాబును వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాం. తప్పు మాదేనని అన్నదమ్ముల ముందు ఒప్పుకున్నాం. మొదట కోప్పడ్డారు, ఇచ్చింది చాలదా అన్నారు. రెండు మూడుసార్లు తిరిగాక ఎకరం పూర్తిచేశారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక. కానీ ఆ ఆపా పుస్తకం తెరవకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న ఇప్పటికీ మమ్మల్ని వదలడంలేదు.

ఆ రాత్రి రిజిస్టరు మూసేద్దామని మాలో కొందరన్నారు. మౌల్వీ సాబు వద్దన్నారు. "పదిమంది కలిసి చేయడం తప్పు కాదు, కట్టుబాటు లేకుండా చేయడం తప్పు. పెద్దలు ఎలా చేశారో చూడండి" అన్నారు. ఆయన చెప్పినవే ఇక్కడ మనవి చేస్తున్నాం.

హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఖుర్‌ఆన్‌ను ఒకచోట చేర్చే బాధ్యత జైద్ బిన్ సాబిత్ (రజి) గారికి అప్పగించారు. ఆయనకు ఖుర్‌ఆన్ కంఠస్థం. అయినా తన జ్ఞాపకం ఒక్కటే చాలనుకోలేదు. రాతప్రతులు వెదికారు, కంఠస్థం చేసినవారిని అడిగారు. ఆ తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ప్రతులు రాయడానికి నలుగురిని నియమించారు. మీలో భేదం వస్తే ఖురైషుల పలుకుబడి ప్రకారం రాయండని ముందే చెప్పి ఉంచారు. అంటే తగవు రాకముందే తగవు తీర్చే పద్ధతి ఏర్పాటైంది.

అది మూలగ్రంథం సంగతి. వ్యాఖ్యానం చూడండి. 839లో పుట్టి 923లో బాగ్దాదులో కన్నుమూసిన ఇమామ్ తబరీ తన తఫ్సీర్‌లో ఒకే ఆయతుకు పలువురు చెప్పిన అర్థాలు రాశారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో పేర్లు వరుసగా ఇచ్చారు. తనకు ఏది సబబుగా తోచిందో ఆ తర్వాత వేరే చెప్పారు. తనకు నచ్చలేదని ఎదుటివారి మాటను చెరిపేయలేదు.

మన మదర్సాలలో చదివే తఫ్సీర్ జలాలైన్ ఇద్దరు జలాలుద్దీన్‌ల కృషి. మొదటివారు మహల్లీ గారు. ఆయన 1459లో మరణించేనాటికి పని సగంలో ఉంది. తర్వాతి తరం వాడైన సుయూతీ గారు మిగతాది అదే పద్ధతిలో పూర్తిచేశారు. మన దేశంలో ఢిల్లీకి చెందిన షా వలీయుల్లా గారు (1703-1762) పారశీకంలోకి అనువదిస్తే, ఆయన కుమారులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ గార్లు ఉర్దూలోకి తెచ్చారు. ఒకరు మాటకు మాట పెట్టారు, ఒకరు వాడుక పలుకుబడిలో రాశారు. తెలుగుకు వస్తే, చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాకపోయినా శ్రమపడి ఖుర్‌ఆన్‌ను తెలుగు చేశారు. ఈ పని ఒక ఇంటితో, ఒక తరంతో అయ్యేది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇవన్నీ విన్నాక మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఆధారం లేని వాక్యం రిజిస్టరులో ఎక్కదు. గ్రంథం పేరు, పుట, చదివినవారి పేరు పక్కనే ఉండాలి. మా సొంత ఆలోచన వేరే పుటలో, సొంత ఆలోచన అనే శీర్షిక కింద రాయాలి. ఇద్దరు పండితులు రెండు విధాలుగా చెబితే రెండూ రాయాలి. తప్పు దొరికితే కాగితం చించకూడదు. గీత కొట్టి, సరైనది రాసి, తేదీ వేసి, ఆదివారం అందరి ముందూ చదవాలి. ఆ ఎనిమిదో వంతు పుట ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వాటాలు, తలాఖు వంటి వ్యవహారాలకు మా రిజిస్టరు తీర్పు కాదు, ఆలింల దగ్గరకే వెళ్ళాలి. ఈ మాట అట్ట మీదే రాసిపెట్టాం.

సోదరులారా, ఈ రోజుల్లో సెల్‌ఫోను తీస్తే చాలు, ఎవరు రాశారో తెలియని ధార్మిక వాక్యాలు వచ్చి పడుతుంటాయి. పుణ్యమనుకుని ఇంకో నలుగురికి పంపుతాం. ఒక్క షరతు వదిలేస్తే ఏం జరుగుతుందో మేము కళ్ళారా చూశాం. పంపేముందు ఎక్కడిదని ఒక్కసారి అడగండి.

చివరగా ఒక మనవి. మాకు చందాలు అక్కర్లేదు, మనుషులు కావాలి. అరబ్బీ వచ్చినవాళ్ళు రండి. దస్తూరి బాగున్న పిల్లలు రండి. ఏమీ రాదనుకునేవాళ్ళు మరీ రండి. ఇది నాకు అర్థం కాలేదని అడిగేవాళ్ళు ఉంటేనే తప్పులు బయటపడతాయి. ముఖ్యంగా అక్కచెల్లెళ్ళు రావాలి. మా తప్పు పట్టుకున్నది వారి వైపు నుంచేనని మరచిపోలేదు.

మా పొరపాట్లను అల్లాహ్ మన్నించి, మనందరికీ సరైన అవగాహన ప్రసాదించుగాక. ఆమీన్. అస్సలాము అలైకుం.