పాఠశాల తుది తరగతులలో మత, తత్త్వ, నీతి విద్య
(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



16 మొదలు 18 వత్సరముల ప్రాయము ప్రశ్నల ప్రాయము. బాల్యమున తల్లి చెప్పినదే సత్యము. పిదప గురువు చెప్పినదే సత్యము. ఈ ప్రాయమున "ఏల?" యను మాట పుట్టును. భగవంతుడు కరుణామయుడైనచో లోకమున నిన్ని దుఃఖము లేల? ఇంటి మతము సత్యమైనచో పొరుగింటి మతమేమి? ప్రాణరక్షణకై బొంకుట పాపమా? ఈ ప్రశ్నలకు పాఠశాలలో చోటు దొరకనిచో బాలుడు వానిని మానడు. వీథిలో బిగ్గరగా అఱచువాని యొద్దకు గొనిపోవును. కావున ఈ విద్యను తుది తరగతులలో నెట్లు నేర్పవలెనో విచారింపదగినది.

ఇంగ్లండు దేశమున 16 ఏండ్లు నిండిన విద్యార్థులు కొలది విషయములను మాత్రమే యెన్నుకొని "ఏ లెవెల్" పరీక్షకు రెండేండ్లు చదువుదురు. అందు మతాధ్యయన మొకటి. ఒక పరీక్షామండలి పాఠ్యక్రమమున మూడు భాగములు గలవు. మొదటిది మతతత్త్వము: ప్లేటో, అరిస్టాటిల్ భావములు, ఈశ్వరుని సాధించు యుక్తులు, వానిపై హ్యూము, కాంటుల యాక్షేపణలు, దుఃఖసమస్య. రెండవది నీతి: కాంటు కర్తవ్యవాదమును, అధికసంఖ్యాకుల సుఖమును గోరు ప్రయోజనవాదమును నేర్చి, వానిని మరణాసన్నుని బాధకును వర్తకుని వ్యవహారమునకును అన్వయించి చూచుట. మూడవది క్రైస్తవ, ఇస్లాం, యూద, బౌద్ధ, హిందూ మతములలో నొకదాని భావపరిణామము. ఇందు విశ్వాసమునకు మార్కులు లేవు. నూటికి 40 పాళ్లు విషయజ్ఞానమునకు, 60 పాళ్లు విమర్శించి తర్కించు శక్తికి. భక్తుడును నాస్తికుడును ఒకే ప్రశ్నకు విరుద్ధములైన యుత్తరములు వ్రాసి, ఇరువురును ఉత్తమశ్రేణిని బొందవచ్చును. ఫ్రాన్సు దేశమున సామాన్య విద్యాశాఖ తుదియేట తత్త్వశాస్త్రము నిర్బంధము. పరీక్ష నాలుగు గంటలు.

మన రాజ్యాంగముయొక్క 28వ అధికరణము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయమున మతబోధ కూడదన్నది. గుర్తింపుగాని సాహాయ్యముగాని పొందు విద్యాలయములలో, విద్యార్థి, మైనరైనచో అతని సంరక్షకుడు, సమ్మతింపక మతబోధకు నిర్బంధింపరాదు. 1949లో డాక్టరు రాధాకృష్ణన్ గారి విశ్వవిద్యాలయ విద్యాసంఘము, డిగ్రీ మొదటియేట బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, మహమ్మదు, కబీరు, నానకు మున్నగు మహనీయుల చరిత్రలను, రెండవయేట లోకమతగ్రంథములనుండి యేర్చిన భాగములను, మూడవయేట మతతత్త్వ సమస్యలను చదివింప సూచించినది. కొఠారీ సంఘము (1964–66) మతబోధ వేఱు, మతములనుగూర్చిన విద్య వేఱు అని విభజించినది. 2002లో సుప్రీంకోర్టు సైతము, మతములనుగూర్చి చదువుట 28వ అధికరణమునకు విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. ద్వారము మూయబడలేదు; ఎట్లు ప్రవేశింపవలె ననునదియే చింత్యము.

ఇందుకు రెండు భయములు చెప్పుదురు. ప్రశ్నించుట నేర్చిన బాలునకు భక్తి పోవునని యొకటి. విద్య పేరిట నొక మతమునే బోధింతురని రెండవది.

మొదటిదానికి సమాధానము మన గ్రంథములలోనే కలదు. కఠోపనిషత్తున నచికేతుడు బాలుడు. తండ్రి దానమిచ్చు గోవులను చూచి శంకించెను. యముడు సంపదలను చూపినను, మరణానంతర మేమను ప్రశ్నను విడువడాయెను. యము డతని శపింపలేదు, మెచ్చెను. తన్నోడినవాడు భార్యను పణముగా నొడ్డవచ్చునా యని కురుసభలో ద్రౌపది యడుగగా, భీష్ము డంతవాడు నిశ్చయము చెప్పలేక ధర్మము సూక్ష్మమనెను. ఆ ప్రశ్నవలన ధర్మము చెడలేదు; ప్రశ్నకు మూగవోయిన సభ చెడినది.

రెండవ భయము నిజమైన భయము. దానికి మందు పూర్వపక్షము. 14వ శతాబ్దమున మాధవాచార్యుని పేర వెలసిన సర్వదర్శనసంగ్రహమున పదునాఱు దర్శనములు గలవు. అద్వైతియైన గ్రంథకర్త వేదమును నిందించు చార్వాకమతమును మొట్టమొదట నిల్పి, అనంతరము బౌద్ధ, జైన మతములను వివరించెను. ప్రతిపక్షమును సరిగా చెప్పిన పిదపగాని ఖండనమున కధికారము లేదు. సరిహద్దు తగవున ఒక్క రైతు మాట విని రాయి పాతినచో, అది మఱుసటి వానకారునకే పెఱికివేయబడును. ఇస్లామునుగూర్చిన పాఠమును ముస్లిము విని "ఇది మా మాటయే" యనవలెను. క్రైస్తవుడును, హిందువును, నాస్తికుడును తమతమ పాఠములను విని యట్లే యనవలెను. అనలేకపోయినచో నది విద్య కాదు, ప్రచారము.

1989 నుండి 18 ఏండ్లకే వోటుహక్కు కలదు. ఊరు విడిచి పట్టణమునకు బోవుటయు నించుమించు నా యేటనే. అచట గదిలోని స్నేహితుడు మఱియొక మతస్థుడు కావచ్చును. అతని మతమును నిందించు వాక్యము చేతిలోని ఫోనునకు రావచ్చును. దానిని నమ్ముటయా, విచారించుటయా యనునది యువతీయువకులు నేర్చిన చదువునుబట్టి యుండును.

పాఠశాల చేయనిచోట గ్రంథాలయము చేయవచ్చును. భగవద్గీత, ధమ్మపదము, బైబిలు, ఖురాను, హేతువాదుల రచనలు ఒకే బీరువాలో నుంచవలెను. వారమున కొక సాయంకాలము తుది తరగతుల బాలబాలికలను గూర్చుండబెట్టి, ఎవరికి నచ్చని పక్షమును వారిచేతనే చెప్పింపవలెను. పెద్దలు వినవలెను, తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. పదునెనిమిది అధ్యాయములు నడచిన పిదప శ్రీకృష్ణుడే నిర్ణయమును అర్జునునకు విడిచిపెట్టెను. పెద్దలకు అంతకు మించిన యధికారము లేదు.

స్వస్తి.