నాచును అరిగించేదెవరు?

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మైక్రోబయాలజీ విద్యార్థులకు నా అభినందనలు.

మీరు ఇన్నాళ్లూ ల్యాబులో పోసిన అగార్ ప్లేట్లు సముద్రపు నాచు నుంచి వచ్చినవే. ఇంట్లో అమ్మ పాలల్లో కరిగించి పుడ్డింగ్ చేసే చైనా గ్రాస్ కూడా అదే. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే ఇల్లాలు తన భర్తకు చెప్పబట్టి అది వంటింట్లోంచి ప్రయోగశాలకు చేరింది. బ్యాక్టీరియాను పెంచే వేడికి జారిపోదు, చాలా బ్యాక్టీరియా దాన్ని తినలేవు. అందుకే అది మనకు అంతగా పనికొచ్చింది. మన జీర్ణరసాలకూ అది లొంగదు.

మరి నాచును రోజూ తినేవాళ్ల మాటేమిటి? సుషీకి చుట్టే నల్లటి పల్చటి నోరీలో పోర్ఫిరాన్ అనే పిండిపదార్థం ఉంటుంది. ఫ్రాన్స్‌లోని రోస్కోఫ్ శాస్త్రవేత్తలు దాన్ని ముక్కలు చేసే ఎంజైమును ఒక సముద్ర బ్యాక్టీరియాలో గుర్తించారు. అలాంటి జన్యువులు ఇంకెక్కడ ఉన్నాయా అని వెతికితే జపాన్‌వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాలో కనిపించాయి. పోల్చి చూసిన ఉత్తర అమెరికా నమూనాల్లో ఒక్కదానిలోనూ లేవు. నాచుతో పాటు కడుపులోకి వెళ్లిన సముద్ర బ్యాక్టీరియా నుంచే పేగు బ్యాక్టీరియా వాటిని అందిపుచ్చుకుందని 2010లో 'నేచర్' పత్రికలో రాశారు. నన్ను కదిలించిన వివరం ఇంకొకటుంది. ఆ జపాన్ నమూనాల్లో ఒక తల్లి, ఇంకా పాలు మానని ఆమె పాప ఉన్నారు. ఇద్దరిలోనూ ఆ జన్యువులున్నాయి. నోరీ రుచే ఎరగని పసిపాపకు దాన్ని అరిగించే శక్తి అప్పటికే చేరింది!

ఇలా నాచు పీచును పులియబెట్టేటప్పుడు పేగు బ్యాక్టీరియా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలను వదులుతుంది. పెద్దపేగు గోడలోని కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన ఇంధనం. మేలు నిజమే. కానీ నాచు అందరి పేగుల్లోనూ ఒకేలా అరగదు. ఇప్పటిదాకా వచ్చిన ఆధారాల్లో చాలావరకు గాజుపాత్రల్లో, ఎలుకల్లో చేసిన ప్రయోగాలవే. పైగా కెల్ప్ లాంటి నాచులో అయోడిన్ ఎక్కువ, మోతాదు మించితే థైరాయిడ్‌కు చేటు. 'కడుపుకు మంచిది' అని డబ్బా మీద అచ్చువేయమని రేపు మీలో కొందరిని ఏదో కంపెనీ అడుగుతుంది. ఎవరి కడుపుకు అని అడగండి.

పరిశోధనకు వెళ్లేవారికి నాదొక కోరిక. నాచు అలవాటే లేని మన ఊళ్లలో కొందరు ఇష్టపడి ముందుకొస్తే, వైద్యుల పర్యవేక్షణలో కొన్నాళ్లు వారికి నాచు వంట పెట్టండి. ముందూ తర్వాతా మలం నమూనాలు తీసి ఏ బ్యాక్టీరియా పెరిగిందో చూడండి. ఏ మార్పూ లేదని తేలినా సరే, ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించండి.