సుఖము అను మాట నడచిన దారి



మనము కలిసికొనినప్పుడెల్ల "సుఖమేనా?" అని పలుకరించుకొందుము. అయితే సుఖమను మాటకు అన్ని కాలములలోను ఒకే అర్థము లేదు.

పూర్వము గ్రీకులు సుఖము మనిషి చేతిలోనిది కాదని తలంచిరి. క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ వ్రాసెను. లిడియా రాజైన క్రీసస్ తన ధనాగారమును చూపించి, లోకములో మిక్కిలి సుఖవంతుడెవడని సోలోను అను జ్ఞానిని అడిగెను. సోలోను రాజు పేరు చెప్పలేదు. మనుమలను కన్నులార చూచి, తన పట్టణము కొరకు పోరాడి మరణించిన ఒక ఏథెన్సు పౌరుని పేరు చెప్పెను. బ్రతుకు ముగియకముందు ఎవరినీ సుఖవంతుడనరాదని అతని భావము. ఇంగ్లీషులోని 'హ్యాపీ' అను మాట కూడ అదృష్టమను అర్థముగల పాత మాటనుండి పుట్టినదే.

క్రీ.పూ. 4వ శతాబ్దములో అరిస్టాటిల్, సుఖమనగా జీవితమంతయు సద్గుణముతో నడచుకొనుట అనెను. అయినను ఆప్తులు, కొంత కలిమి కూడ అవసరమని ఒప్పుకొనెను. సంపూర్ణ సుఖము ఈ లోకములో దొరకదని అగస్టీను బోధించెను. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన సుఖమును వెదకుట మానవుని హక్కనెను. అక్కడి బానిసలకు మాత్రము ఆ హక్కు దక్కలేదు. 2012లో ఐక్యరాజ్య సమితి మార్చి 20వ తేదీని అంతర్జాతీయ సంతోష దినముగా నిర్ణయించెను.

అదృష్టమనుకొన్నది హక్కగుట మేలే. ఆకలిని, దాస్యమును తలవ్రాత అనుకొని ఊరకుండనక్కరలేదని అది మనుష్యులకు నేర్పినది. కాని ఆ హక్కే మెల్లగా ఒక బాధ్యతగా మారినది. దుఃఖములో ఉన్నవానిని చూచి "పాపము, కాలము కలిసిరాలేదు" అనుటకు బదులు, "నీలోనే ఏదో లోపమున్నది" అనుట మనకు అలవాటగుచున్నది. భర్తను పోగొట్టుకొన్న సోదరిని, నెల తిరుగకముందే "ఇంకను ఏడ్పేనా?" అని మందలించుచున్నాము. పరీక్ష తప్పిన పిల్లవాడు నలుగురిలోనికి వచ్చుటకు వెరచుచున్నాడు. వారికి దుఃఖమొక భారము, దుఃఖించుచున్నందుకు సిగ్గు మరియొక భారము.

సుఖములో కొంత భాగము మన చేతిలో లేదని ఎరిగిన ఆ పూర్వులనుండి మనము కనికరము నేర్చుకొనవలెను. కాబట్టి ఇకమీదట "సుఖమేనా?" అని అడిగినప్పుడు, "లేదండి" అను జవాబు వచ్చినను, ఆ మాట పూర్తియగువరకు వారియొద్ద కూర్చుండి వినుటకు సిద్ధపడి అడుగుదము.