కాందిశీకుల జనన మరణముల లెక్క

గ్రామపెద్దలారా,

దేశము విడిచి పరదేశమున తలదాచుకొన్నవారు తమ బిడ్డల పుట్టుకను, తమవారి మరణమును ఎచ్చట, ఎట్లు వ్రాయించుకొనవలెనో నేడు మనవి చేయదలచితిని. కాందిశీకుల గోల మనకేల యని మీకు తోచవచ్చును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఈ మూడును బెంగుళూరునకు పోవు ఒక్క రైలుదారి మీదనే యున్నవి. వానలు తప్పిన యేట మన జనము ఆ దారినే పట్టుదురు. కొందరు కువైట్టునకును, దుబాయికిని పోదురు. ఊరు విడిచిన ప్రతివాడును ఈ విషయమున సగము కాందిశీకుడే.

మొదట ఒక్క సూత్రము చెప్పెదను. జననము గాని మరణము గాని జరిగిన తావుననే వ్రాయబడవలెను. మన ఇల్లెచ్చట, పొలమెచ్చట, కులదేవత యెచ్చట అన్న విచారణ దానికి లేదు. ఇది మనవారి మనస్సునకు సులభముగా పట్టదు. పూర్వము చెన్నరాజధాని దినములలో జనన మరణముల పుస్తకము గ్రామ మునసబు కడ నుండెడిది. పుట్టిన యూరును, పెరిగిన యూరును, చచ్చిన యూరును ఒక్కటియే గనుక చిక్కు లేకుండెను. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవి. ఇప్పుడు పల్లెలలో పంచాయతి కార్యదర్శియు, పట్టణములలో పురపాలక సంఘమువారును ఆ పని చేయుచున్నారు. పుస్తకము చేతులు మారినది గాని, మన తలంపు మునసబుగారి అరుగు విడిచి రాలేదు.

పావగడను చూడుడు. మన మండలములు చుట్టును క్రమ్ముకొని యున్నను అది కర్ణాటకమునకు చెందినది. హిందూపురపు కోడలు కాన్పునకు పావగడలోని పుట్టింటికి పోయినచో ఆ శిశువు పేరు పావగడ పుస్తకమునకే యెక్కవలెను. ఆ పత్రమున కన్నడ మున్నంత మాత్రమున ఇచ్చట చెల్లకపోదు. దానిని మూలపడవేసి హిందూపురమున మరియొకటి పుట్టించుకొనజూచువారు కలరు. ఉపనయనముచేత రెండవ జన్మ కలుగునని శాస్త్రము చెప్పినది గాని, ఒక శిశువునకు రెండు పుట్టుకలు వ్రాయుట చట్టము ఒప్పదు. అసత్యమును వ్రాయించినవారు దండనార్హులగుదురు.

మనకిప్పుడు వర్తించునది 1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము. 21 దినములలోగా తెలిపినచో రుసుము లేదు. 30 దినముల వరకు స్వల్పమైన ఆలస్య రుసుము గలదు. అటుపిమ్మట ఏడాది వరకు పై యధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు అధికారము గలవారి ఉత్తరువు లేక పని జరగదు. ఆసుపత్రిలో జరిగినదానిని ఆసుపత్రివారు తెలుపవలెను. ఇంటిలో జరిగినదానిని ఇంటి యజమాని తెలుపవలెను. నడుచుచున్న బండిలో కాన్పయినచో బండి నడిపించు బాధ్యత గలవాడు మొదట ఆగిన చోట తెలుపవలెను. నామకరణము కాలేదని ఆగనక్కరలేదు. పేరు లేకయే పుట్టుకను వ్రాయించి పిదప పేరు చేర్పించుకొనవచ్చును.

పూర్వము బడిలో చేర్చునపుడు తండ్రి “చెరువు తెగిన యేడు పుట్టినాడండీ” యనెడివాడు, పంతులు లెక్కకట్టి జూలై 1 అని వ్రాసెడివాడు. మన తరమువారిలో సగముమంది ఆ నాడే జన్మించిరా యని నాకు నవ్వు వచ్చుచుండును. ఇక ఆ వేడుక సాగదు. 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకును, వోటర్ల పట్టికకును, మరి కొన్నింటికిని జనన పత్రమే వయస్సునకు సాక్ష్యము. మరణ విషయమున మనకు తిథి జ్ఞాపకముండును, తేదీ యుండదు. తిథి కూడ తెలియనివారికి అమావాస్యనాడు శ్రాద్ధము పెట్టుకొనవచ్చునని శాస్త్రము దయ చూపినది. కచేరిలో అట్టి అమావాస్య లేదు.

ఇక విదేశముల మాట. కువైట్టున మనవాడు మరణించినచో ఆ దేశపు అధికారుల మరణ పత్రము ముందు పొందవలెను. పిమ్మట అచ్చటి భారత రాయబార కార్యాలయమున వ్రాయించవలెను. శవము ఇంటికి వచ్చినది, సంస్కారము ఇచ్చటనే జరిగినది గనుక మన పంచాయతిలో వ్రాయుమని కార్యదర్శిని నిర్బంధించుట తగదు. మరణము జరిగిన తావు కువైట్టు గదా! బిడ్డ పుట్టినచో ఆ దేశపు జనన పత్రముతో రాయబార కార్యాలయమున ఏడాదిలోగా నమోదు చేయించవలెను. బిడ్డ పౌరసత్వము దానిని పట్టి యుండును. అట్లు చేయక స్వదేశమున స్థిరపడుటకు తిరిగివచ్చినవారికి, వచ్చిన 60 దినములలోగా ఇచ్చట వ్రాయించుకొను వెసులుబాటును 1969 చట్టము ఇచ్చినది.

కూలికై పోయినవానికి ఆ దేశమున తన ప్రభుత్వపు కార్యాలయమొకటి కలదు. కాందిశీకునకు అదియును లేదు. ఏ ప్రభుత్వమునకు వెరచి పరుగెత్తెనో దాని వాకిటికే పోయి “నా బిడ్డకు పత్రమిండు” అని యెట్లడుగును? కావున ఆశ్రయమిచ్చిన దేశమే ఆ పని చేయవలెనని 1951వ సంవత్సరపు శరణార్థుల ఒడంబడికలో చెప్పబడినది. దానిలో మన దేశము చేరలేదు. అయినను పుట్టిన ప్రతి శిశువును వెంటనే నమోదు చేయవలెనన్న 1989వ సంవత్సరపు బాలల హక్కుల ఒడంబడికను 1992లో అంగీకరించినది. మన 1969 చట్టమును చదివినను జరిగిన తావునే యడుగును గాని తల్లిదండ్రుల జాతి నడుగదు. 1959 మొదలు వచ్చిన టిబెట్టువారు మైసూరు చేరువ బైలకుప్పెలో నివసించుచున్నారు. అచ్చట పుట్టిన శిశువునకును, పావగడలో పుట్టిన మన శిశువునకును వర్తించునది ఒకే చట్టము.

ఇచ్చట ఇరుపక్షములకును ఒక భ్రమ కలదు. పత్రమిచ్చినచో పౌరసత్వ మిచ్చినట్లగునని గుమాస్తా జంకును. వ్రాయించుకొనబోయినచో పట్టుకొని వెళ్లగొట్టుదురేమోయని తండ్రి వెరచును. పత్రము పుట్టుకకు సాక్ష్యమే గాని పౌరసత్వ మిచ్చునది కాదు. పౌరసత్వమునకు వేరు చట్టము కలదు. అయినను ఆ పత్రమే లేనిచో, తాను ఎవరి బిడ్డయో, ఏ దేశమున పుట్టెనో రుజువు చేయజాలక, రెండు దేశములును కాదన్నవాడై నడుమ నిలిచిపోవును. ఐక్యరాజ్యసమితివారి శరణార్థి కార్డు ఆశ్రయమునకు గుర్తే గాని జనన పత్రమునకు మారు కాదు. జోర్డాను ప్రభుత్వము సిరియా కాందిశీకులున్న జాతరీ శిబిరములోనే 2014లో తన నమోదు కచేరిని తెరచినది. శిబిరము దాటి పోజాలనివారి కడకు పుస్తకమునే కొనిపోయినది. నాకిది మిక్కిలి మెచ్చదగిన పనిగా తోచినది.

మన తెలుగువారికి ఈ దుఃఖము క్రొత్తది కాదు. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి. అచ్చట ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన మన కోస్తావారు వేలకు వేలు 1942లో అడవులును కొండలును పట్టి కాలినడకను బయలుదేరిరి. దారిలో ఒరిగినవారి పేరు వ్రాయుటకు ఏ మునసబు కలడు? పోయిన భర్త వార్త లేనిచో చట్టము ఏడేండ్లు గడచిన పిదపనే అతడు మృతుడని తలపనిచ్చును. ఆ యేడేండ్లును ఇంటిలోని యిల్లాలు సుమంగళియో కాదో ఎవరు చెప్పగలరు? పొలము పట్టా ఎవరి పేరికి మారును? 1962 పిమ్మట బర్మాలో సైనిక ప్రభుత్వము వచ్చినపుడు మరల కొందరు తరలివచ్చిరి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది.

మీ యూరినుండి పోవువారికి మీరు చెప్పవలసిన మాట స్వల్పమే. వివాహ పత్రమును వెంట గొనిపొండనుడు. గల్ఫు దేశములలో పెక్కింట శిశువు పత్రమునకు ముందు దానినే యడుగుదురు. తల్లి పేరును తండ్రి పేరును ఆధారు కార్డులో నున్నట్లే అక్షరము తప్పక ఆసుపత్రిలో వ్రాయించుడనుడు. పిమ్మట దిద్దించుట కష్టము. బెంగుళూరున కాన్పయినచో ఆసుపత్రి వారిచ్చిన చీటియే పత్రమని భ్రమపడి రైలెక్కరాదు. నమోదైన పిమ్మట మొదటి ప్రతి ఉచితముగనే యిత్తురు. దానిని చేతికి తీసికొనియే హిందూపురమునకు టిక్కెట్టు కొనుడనుడు.