పైపు ఎక్కడిదాకా?
(మంచినీటి సమస్యపై జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాగర్ కుడికాలువ కట్టేసిన రోజుల్లో అక్కరకొచ్చేలా సమ్మర్ స్టోరేజి ట్యాంకు నుంచి మన ఊరికి ఇంకో పైపులైను వేస్తామంటున్నారు. వేయాల్సిందే. ప్రతి వేసవిలో కూలి మానుకుని ట్యాంకరు కోసం కూర్చునేది మనమే కదా. అయితే ఆ పైపు ఎక్కడిదాకా వస్తుందని ఎవరూ అడగడం లేదు. ఆఫీసులో ప్లాను నేను చూశాను. బస్టాండు దాటి మెయిన్ రోడ్డు చివర గీత ఆగిపోయింది. అక్కడినుంచి ఎస్సీ కాలనీకీ, వడ్డెర పేటకీ, గేటు అవతలి ఇళ్లకీ ఏమీ లేదు. అడిగితే "రెండో దశలో చూద్దాంలేమ్మా" అన్నారు. మొదటి దశలో మనం ఎందుకు లేమో మాత్రం చెప్పలేదు.

కాలువ నీళ్లు రాకపోతే మనకి మిగిలేది బోరు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది 1937లో, ఈ ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. నీళ్లు కాచి చల్లార్చినా అది పోదు. పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది, పెద్దవాళ్ల నడుములు చూస్తే తెలుస్తుంది.

ఆఫీసు లెక్కలో మనిషికి రోజుకి ఇన్ని లీటర్లని ఉంటుంది. ఇంటికి కుళాయి ఉండి, భూగర్భ డ్రైనేజి కూడా ఉన్న ఊళ్లలో 135. కుళాయి ఉండి డ్రైనేజి లేనిచోట 70. వీధి కుళాయి వాళ్లకి 40. ఇంట్లో కుళాయి లేనివాళ్లకి దాహం కూడా తక్కువేనన్నమాట! సరే, ఆ 40 చొప్పునే చూద్దాం. ఐదుగురున్న ఇంటికి 200 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో పదమూడు, పద్నాలుగు తడవలు. తడవకి పదిహేను కిలోల నీళ్లు, పైన బిందె బరువు. మొయ్యడానికి ఆడవాళ్ల నడుములు ఉచితం కాబట్టి ఈ ఖర్చు ఏ ఎస్టిమేటులోనూ కనపడదు.

"తర్వాత చివర చిన్న పైపు కలిపి ఇస్తాం" అని ఇంజనీరుగారి మాట. ఇక్కడ జాగ్రత్తగా వినండి. పైపు వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి వచ్చే నీళ్లు సగం కావు, ఇంచుమించు ఆరో వంతుకి పడిపోతాయి. పైగా దారిలో ఉన్నవాళ్లు కుళాయిలకి మోటార్లు బిగిస్తే చివరి ఇళ్లకి గాలి చప్పుడే మిగులుతుంది. నీళ్లు ఆపిన గంటల్లో ఖాళీ పైపు పగుళ్లలోంచి మురుగు లోపలికి లాక్కుంటుంది. అందుకే పేటలకి తగిన సైజు పైపు, విడిగా వాల్వు, అక్కడే ఓవర్‌హెడ్ ట్యాంకు ఇప్పుడే ప్లానులో చేరాలి. పూడ్చిన కందకం మళ్లీ తవ్వడానికి డబ్బుల్లేవంటారు రేపు.

ఇది దయాధర్మం కాదు. జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు కూడా ఉందని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలు, మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల్లో నీటి సరఫరాని చేర్చింది. మూడోవంతు సీట్లకి తగ్గకుండా ఆడవాళ్లకి ఇచ్చిందీ ఆ సవరణే. మన ఓట్లతో గెలిచిన కౌన్సిలరమ్మలు సభలో నోరు విప్పాలి, వాళ్ల బదులు భర్తలు కాదు.

ప్లాను, ఎస్టిమేటు నకళ్లు కావాలని 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి తెచ్చాను. మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. టెండరు పిలవకముందే అది చేతికి రావాలి కాబట్టి రేపు పదింటికే ఆఫీసుకి వెళ్దాం. పేటకి నలుగురు చొప్పున రండి. బిందెలు కూడా తెచ్చుకోండి.