ఉన్నత పాఠశాలల గడచిన యేడు
(మండపేటలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



మన సంఘపు వార్షిక మహాసభయందు ఉన్నత పాఠశాలలనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయుడనై, తుదకు ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి గైకొన్నవాడను గాన నాకు బాగుగ తెలిసినది పాఠశాల యొక్కటియే. ప్రసంగపాండిత్యము లేదు. హాజరుపట్టీ చదివినట్లు చదువుదునేని విసుగు చెందక వినవలెనని వేడుచున్నాను.

ముందుగా ఫలితముల మాట. 2025వ సంవత్సరము మార్చిలో జరిగిన పదవ తరగతి పరీక్షకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 6,14,459 మంది బాలబాలికలు కూర్చుండగా 4,98,585 మంది కృతార్థులైరి. నూటికి 81.14 వంతు. బాలికలు 84.09, బాలురు 78.31. అంతకు ముందటి యేడు 86.69గా నుండినది గావున అయిదున్నర వంతులు తగ్గినదని పలువురు విచారించిరి. నేనంతగా విచారింపలేదు. 2022లో 67.26గాను, 2023లో 72.26గాను ఉండిన సంఖ్య యొక్క యేట పదునాలుగు మెట్లెక్కి, మఱుసటి యేట అయిదు మెట్లు దిగినచో, పిల్లల తెలివియే యట్లెక్కి దిగినదని యెవ్వరు నమ్ముదురు? ప్రశ్నపత్రముల కాఠిన్యమును, దిద్దువారి చేతివాటమును ఆ సంఖ్యలో తమ వంతు పంచుకొనును. నన్ను బాధించునది మఱియొకటి. ఆ పరీక్షయందు తప్పినవారు లక్షా పదునైదు వేలకు మించియున్నారు. వారందఱు తెలివిలేనివారా? కాదని ముప్పదియేండ్లు నల్లబల్లయెదుట నిలిచినవాడను చెప్పుచున్నాను.

ఇంకొక సంగతి వినుడు. 2023, 2024, 2025 సంవత్సరములలో వరుసగా మూడేండ్లు రాష్ట్రమున ప్రథమస్థానమందినది పార్వతీపురం మన్యం జిల్లా. 2025లో ఆ జిల్లా ఉత్తీర్ణత నూటికి 93.90. కొండలును అడవులును గల సీమ. అట్టి సీమ పిల్లలు ధవళేశ్వరపు ఆనకట్ట నీరు త్రాగిన మన పిల్లలకంటె ముందు నిలిచిరి. దీనికి కారణములు పెక్కులుండును. అయితే ఒక్కటి మాత్రము నా మనస్సున నాటుకొనినది. ఆ ప్రాంతపు గిరిజన బాలబాలికలలో పలువురు ఆశ్రమ పాఠశాలలయందుండి చదువుదురు. చదువుచోటనే మూడుపూటల అన్నము, చదువుచోటనే పడక. సాయంకాలము పుస్తకము ముందు కూర్చుండు వేళ వారి కడుపు ఖాళీగా నుండదు. ఈ యొక్క మాటకొఱకే నేనీ వేదిక యెక్కితిని. మిగిలినవి త్వరగా చెప్పి దీనికి వత్తును.

మార్పులు లేని యేడు ఇటీవల మన పాఠశాలలు చూచి యెఱుగవు. పదునొకండు పత్రముల పరీక్ష 2022లో ఏడింటికి దిగినది. కొన్ని యేండ్ల క్రిందట వేయి ప్రభుత్వ పాఠశాలలను కేంద్ర బోర్డు క్రిందికి మార్చిరి. 2024 సెప్టెంబరులో మరల రాష్ట్ర బోర్డు క్రిందికే తెచ్చిరి. బోధనామాధ్యమము సంగతి చెప్పనక్కఱలేదు. 2025లో ఆంగ్లమాధ్యమమున పదవ తరగతి పరీక్షకు నమోదైనవారు అయిదున్నర లక్షలు దాటిరి; తెలుగున నమోదైనవారు యాబదియొక వేలు మాత్రమే. తల్లిదండ్రుల కోరిక యది, తప్పుపట్టను. కాని యింట ఇంగ్లీషు వినిపింపని బిడ్డకు బడిలో అది పలుకునట్లు నేర్పువాడు లేనిచో, ఆ బిడ్డ రెండు భాషలకును పరాయివాడగును. ఉపాధ్యాయుల కొఱతకు 2025 ఏప్రిలులో 16,347 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. ఆ సెప్టెంబరులో నియామకపత్రములును అందినవి. క్రొత్తవారు వచ్చుట సంతోషము. వారు రెండేండ్లు ఒక్క బడిలో నిలిచిన నింకను సంతోషము.

2024 డిసెంబరు 7వ తేదిన రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఒక్కనాడు సమావేశమైరి. 2025 జూలై 10న మరల జరిగినది. తల్లులు ముగ్గులు పెట్టిరి, తండ్రులు త్రాడు లాగిరి. కొందఱు పరిహసించిరి గాని, నేను పరిహసింపను. జన్మమున బడి గడప త్రొక్కని కూలివాడు ప్రధానోపాధ్యాయుని గదిలో కుర్చీపై కూర్చుండి కుమారుని మార్కులకాగితము చేత పట్టుకొనుట చిన్న సంగతి కాదు. అక్షరములు చదువలేకున్నను ఎఱ్ఱసిరా ఎక్కడ పడినదో వానికి తెలియును.

ఇక అసలు విషయము.

మన ప్రభుత్వ పాఠశాలలలో నేడు వడ్డించు మధ్యాహ్న భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2025 జనవరి 4 నుండి 475 ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును ఆ భోజనము విస్తరించినది. ఆ యేటి జూనులో బడులు తెఱచిననాటి నుండి సన్నబియ్యపు అన్నము పెట్టుచున్నారు. వారమున కయిదు గ్రుడ్లు, వేరుసెనగ చిక్కీ, 2023 నుండి రాగిజావ. ఆ గ్రుడ్లలో కొన్ని ఈ చుట్టుప్రక్కల కోళ్లఫారములనుండి పోవుననుకొందును. మండపేటవారికి గ్రుడ్డునుగూర్చి నేను చెప్పనక్కఱలేదు.

కాని సీతమ్మగారెవరు? లంకల గన్నవరమని మనము చెప్పుదుము. అది యత్తవారి యూరు. ఆమె పుట్టినది 1841లో ఈ మండపేటయందు. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు. ఆకలియని వచ్చినవారికి లేదనక బువ్వ పెట్టుటచే ఆయనను ఊరివారు బువ్వన్నయని పిలిచిరట! డొక్కా జోగన్నగారు ఈ దారిని పోవుచు మధ్యాహ్నవేళ ఆ యింట భోజనము చేసి, వడ్డించిన యింటి మర్యాదకు మెచ్చి ఆ పిల్లను పెండ్లాడిరని పెద్దలు చెప్పుదురు. తరువాత గోదావరి పాయలు దాటి పోవు బాటసారులకు ఆమె యిల్లే సత్రమైనది. ఒకసారి అంతర్వేది యాత్రకు పల్లకిలో బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పిల్లలతో నొక కుటుంబము ‘సీతమ్మగారింటికి పోయిన అన్నము దొరకునులే’ యని యనుకొనుట విని, దేవుని దర్శనము మాని పల్లకిని వెనుకకు మరల్చించెనట. 1909లో ఆమె కీర్తిశేషురాలయ్యెను. గన్నవరము కాలువ వంతెనకు నేడామె పేరు కలదు. పుట్టినూరు కొంచెము మఱచినది.

ఆమె చదువుకొన్నది కాదు. చదువుకొను పిల్లల కంచములమీద ఆమె పేరు నిలుచుట నాకు సొంపుగ తోచును. ఏలయన మన దేశమున చదువును అన్నమును ఎన్నడును విడిగా లేవు. పూర్వము వారములు చేసికొని చదివినవారెందఱు! సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. ఆ దయతో పండితులైరి. కాని ఆ వారములు ఏ కులమువారికి ఏ గడపలో దొరకెనో, ఏ కులమువారికి ఏ గడపలోను దొరకలేదో మీరెఱుగుదురు. నేను వేఱుగ చెప్పను.

ప్రభుత్వము ఈ పని చేయుటయు నిన్నటిది కాదు. మన మండలములు చెన్నపురి రాజధానిలో నుండిన కాలముననే, 1920లో, చెన్నపురి కార్పొరేషనువారు థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిలో తలకొక అణాకు మించకుండ ఫలాహారము పెట్టించిరి. నాటి కార్పొరేషను అధ్యక్షులు పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగువారే. 1925లో ఆ ఖర్చును ప్రభుత్వము కాదనినది, ఫలాహారము నిలిచినది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టువారు ప్రాథమిక పాఠశాలలలో వండిన యన్నమే పెట్టవలెనని యాజ్ఞ యిచ్చిరి. 2003 జనవరిలో మన రాష్ట్రమున ప్రారంభమైనది. 2008లో పదవ తరగతివఱకు ప్రాకినది. ఒక యణా ఫలాహారమునుండి పదవ తరగతి కంచమువఱకు ఎనుబది యెనిమిదేండ్లు.

2004 ఏప్రిలులో అదే న్యాయస్థానము మఱియొక మాట చెప్పినది. వంటవారిని కుదుర్చుకొనునపుడు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమీయవలెను. ఈ మాటను కాగితముపై చదువుట వేఱు, బడిలో చూచుట వేఱు.

ఇచట మనవారి మధ్య నొక సంగతి చెప్పవలసియున్నది. కొందఱికి కష్టముగ నుండును; క్షమింపుడు. నేను పనిచేసిన యొక పాఠశాలలో క్రొత్తగా వంటకు కుదిరిన యామె కులము తెలిసిన మఱునాడు, ఎనిమిదవ తరగతిలో పదునొకండుగురు పిల్లలు పంక్తినుండి లేచిపోయిరి. వారిలో నలుగురు మనవారి బిడ్డలు. పిల్లలకు కులము తెలియదు. ఇంట చెప్పి పంపిరి. నేను తల్లిదండ్రులను పిలిపింపలేదు, ఉపన్యసింపలేదు. కంచము తీసికొని పిల్లలతో నేలపై కూర్చుంటిని. ప్రతిదినము కూర్చుంటిని. పప్పులో ఉప్పెక్కువైన దినముల పప్పులో ఉప్పెక్కువైనదనియు చెప్పితిని. దసరా సెలవులనాటికి మనవారి నలుగురిలో ముగ్గురు పంక్తికి వచ్చిరి. నాల్గవవాడు పదవ తరగతి దాటువఱకు ఇంటి క్యారేజీయే తెచ్చుకొనెను. వాని మీద నాకు కోపము లేదు. వాడు గోడవైపు తిరిగి తినుచుండెడివాడు. నాకు వాని వీపే జ్ఞాపకమున్నది.

ఆ వంటామె పేరు చెప్పను; తెల్లవాఱకముందే వచ్చి పొయ్యి రాజేసి, నెలకు వచ్చు కొలది గౌరవవేతనము ఆలస్యమైనను పొయ్యి ఆర్పని మనిషియని మాత్రము చెప్పుదును.

మన సంఘము ప్రతియేట మంచి మార్కులు తెచ్చుకొన్న మన పిల్లలకు బహుమానములిచ్చుచున్నది. మంచిదే. నా చిన్ననాట ఇట్టి వేతనమునే పుచ్చుకొని చదివితిని గాన దానిని నిందించు అధికారము నాకు లేదు. నేడు విద్యార్థివసతిగృహపు తీర్మానము సభ యెదుట నున్నది. దానికిని నేను చేయెత్తుదును. కాని ఈ గోదావరి డెల్టాలో ఇంతకుముందే మఱియొక మార్గమును మన పూర్వులు త్రొక్కిరి. ఆనకట్ట కట్టిన తరువాత, పంటలు పెరిగిన తొలినాళ్లలో, నరసాపురమున సబ్‌కలెక్టరుగా నుండిన టైలరుదొరగారి ప్రోత్సాహముతో రైతులు తమంతట తామే శిస్తుపై కొంత రుసుము వేసికొని ఊరూర బడులు పెట్టించిరి. దానికి చట్టబలము చేకూర్చుటకే 1863లో ప్రత్యేకముగ చట్టము వచ్చినది. ఆ రుసుము ఊరి బడికొఱకు గాని యొక కులపు బడికొఱకు కాదు. ఆ యేర్పాటు చిరకాలము నిలువలేదు. అయినను మొదలు పెట్టినవారు మన డెల్టావారే.

నేను కోరునది చట్టము కాదు, రుసుము కాదు. డిసెంబరు నుండి మార్చి వఱకు పదవ తరగతివారికి ప్రత్యేక తరగతులుండును. ఉదయము తొందరగా వచ్చి, సాయంకాలము చీకటిపడువఱకు కూర్చుందురు. మధ్యాహ్నపు టన్నము మధ్యాహ్నమునకే. సాయంకాలము నాలుగు దాటిన తరువాత మన బిడ్డ ఇంటికి పరుగెత్తి ఏదో తిని వచ్చును. కూలికి పోయిన తల్లి బిడ్డ యింట అప్పుడు పొయ్యి వెలుగదు. గణితము చెప్పు వేళ తల వ్రాల్చు బాలుని నిద్రపోతుయని నేనే యెన్నిసార్లో కేకలు వేసితిని. ఒకనాడు ప్రార్థనలో నొక పిల్ల సొమ్మసిల్లి పడిపోయినది. ముందటి రాత్రి తినలేదని ప్రక్కపిల్ల చెప్పినది. ఆనాటినుండి కేకలు వేయుట మానితిని. పరీక్షలో తప్పిన లక్షా పదునైదు వేలలో ఇట్టి నిద్రపోతులెందఱో లెక్కించువారు లేరు.

ఉడికించిన సెనగలు, ఒక అరటిపండు. తలకు పది రూపాయలనుకొందము. నూర్గురు పిల్లలకు, డెబ్బది దినములకు, డెబ్బది వేల రూపాయలు. ఈ పందిలికిని, శాలువలకును, పూలదండలకును అయిన ఖర్చు కోశాధికారిగారు ప్రొద్దున చదివిరి. నేను దానిని మరల చదువను.

రెండు నియమములు మాత్రము. ఆ బల్లయొద్ద కూర్చున్న ప్రతి బిడ్డకును పెట్టవలెను. మనవారి పిల్లలెవ్వరని పట్టీ వ్రాయరాదు. దాతల ఛాయాచిత్రములు గోడకెక్కరాదు. సీతమ్మగారి ఛాయాచిత్రమును ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి కోరినపుడు, పటమిచ్చుట కామె మొదట ఒప్పుకొనలేదనియు, తీయింపనిచో తన యుద్యోగమునకు హాని కలుగునని అధికారి చెప్పినమీదట మాత్రమే కూర్చుండెననియు చెప్పుదురు. ఆమె పుట్టిన యూరిలో ఈ పని చేయుచు ఆ నియమము పాటింపకుండుట బాగుండదు.

కార్యనిర్వాహక సంఘమువారు కార్తికము దాటకముందే నిర్ణయింపగలిగినచో, డిసెంబరులో తరగతులు మొదలగునాటికి సెనగలు ఉడికింపవచ్చును. పొయ్యి, పాత్రలు, సరకులు నేను చూచుకొందును. వడ్డించుటకు ప్రతి సాయంకాలము ఇద్దఱు మనుష్యులు కావలెను. వారిని మీ యిండ్లనుండి పంపవలెను. పిల్లలతో కూర్చుండి తాముగూడ తినువారినే పంపవలెనని కోరుచున్నాను.